ఉప్పల్–నాచారం పారిశ్రామిక వాడల్లో ఇ-ఇన్వాయిస్: వ్యాపారాల మధ్య వెబ్ సర్వీసుల అమరిక, భద్రత

రెండు సంస్థల కంప్యూటర్లు ముందే ఒప్పుకున్న రూపంలో, ఇంటర్నెట్ మీదుగా, మనిషి చెయ్యి పడకుండా ఇన్వాయిస్‌లు, ఆర్డర్లు, సరుకు వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి చేసుకునే ఏర్పాటు వెబ్ సర్వీసు. హైదరాబాద్ తూర్పున ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో చాలాకాలం ఇది పెద్ద కంపెనీల సర్వర్ గదులకు సంబంధించిన సంగతి. జీఎస్టీ ఇ-ఇన్వాయిస్ వచ్చాక లేత్ మిషన్ల పక్క గదిలో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునే అకౌంటెంట్ కూడా రోజూ ఒక వెబ్ సర్వీసును వాడుతున్నాడు. ప్రభుత్వం వైపు తాళం గట్టిగానే ఉంది. దాని తాళంచెవులు ఈ వాడల్లో ఎవరి చేతుల్లో, ఏ ఫైల్లో, ఏ కాగితం మీద ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. ఈ వ్యాసం ఎక్కువ భాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ప్రాంతం

ఉప్పల్, నాచారం ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. ఉప్పల్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ రింగ్ రోడ్డు, హబ్సిగూడ నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో నాచారం. రెండు చోట్లా 'ఐడీఏ' (ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ ఏరియా) అన్న మూడక్షరాలు చిరునామాలో భాగమైపోయాయి. యంత్ర భాగాలు, ప్లాస్టిక్, ప్యాకింగ్, రసాయనాలు, మందులు తయారుచేసే యూనిట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఔషధ పరిశోధన సేవలు అందించే ఆరాజెన్ లైఫ్ సైన్సెస్ (2021 వరకు జీవీకే బయోసైన్సెస్) నాచారంలోనే ఉంది. విదేశీ కంపెనీల బిల్లులు, చెల్లింపుల లెక్కలు చూసిపెట్టడం ప్రధాన వ్యాపారాల్లో ఒకటిగా గల జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ ఉప్పల్ పారిశ్రామిక వాడలో ఉంది. ఐటీ అంతా నగరానికి పడమరనే పోగుపడకుండా మిగతా దిక్కులకూ విస్తరించాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన గ్రిడ్ విధానం, ఇలాంటి పాత వాడల్లోని స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకునే వీలు కల్పించింది.

అందుకే ఈ నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో సమాచార మార్పిడి అన్ని స్థాయుల్లోనూ కనిపిస్తుంది. ఒక గేటు లోపల ప్రయోగశాల ఫలితాలు సముద్రాలు దాటి క్లయింటు సర్వర్‌కు చేరుతుంటాయి. దాని ఎదురు గేటులో లోడు బయల్దేరే ముందు బిల్లు మీద క్యూఆర్ కోడ్ పడిందో లేదో చూసుకుంటూ ఉంటారు. రెండో గేటు గురించి రాసినవారు తక్కువ గనుక ముందుగా దాని సంగతి.

ఇ-ఇన్వాయిస్ రాక

జీఎస్టీ 2017 జూలై 1న అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు ఇ-వే బిల్లు 2018 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. ఒక వ్యాపారి మరో వ్యాపారికి ఇచ్చే ఇన్వాయిస్‌ను ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో నమోదు చేసి, గుర్తింపు సంఖ్య (ఐఆర్‌ఎన్) తీసుకున్నాకే అది చెల్లే ఇన్వాయిస్ అవుతుందన్న నిబంధన 2020 అక్టోబరు 1న మొదలైంది. అప్పుడది ఏటా 500 కోట్ల రూపాయలు దాటిన టర్నోవరు ఉన్నవారికే. 2021 జనవరిలో 100 కోట్లకు, అదే ఏడాది ఏప్రిల్‌లో 50 కోట్లకు, 2022 ఏప్రిల్‌లో 20 కోట్లకు, అక్టోబరులో 10 కోట్లకు, 2023 ఆగస్టు 1న 5 కోట్లకు పరిమితి దిగింది. మూడేళ్లు నిండకముందే వందో వంతుకు వచ్చిందన్నమాట. పైగా 2017–18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఆ పరిమితి దాటినా నిబంధన వర్తిస్తుంది. అయిదు కోట్ల టర్నోవరు అంటే నాచారంలో పాతికమంది పనిచేసే షెడ్డు కూడా దాటగలిగే అంకె. సర్వర్ గది లేని, ఐటీ విభాగం లేని, ఒక్క అకౌంటెంట్‌తో నడిచే సంస్థలు ఈ తేదీతో యంత్రాల మధ్య సమాచార మార్పిడిలోకి అడుగుపెట్టాయి.

గుర్తింపు సంఖ్య లేని బిల్లు మీద కొనుగోలుదారుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. కాబట్టి అధికారి అడగకముందే డీలరే ఐఆర్‌ఎన్ ఏదని అడుగుతాడు. ఈ నిబంధన వేగంగా పాకడానికి జరిమానా భయం కంటే ఈ కారణమే బలమైనది.

ఒక లోడు వెనుక జరిగేది

నాచారంలో పంపు కాస్టింగులు చేసే ఒక యూనిట్ విజయవాడ డీలర్‌కు సరుకు పంపుతోందనుకుందాం. అమ్మేవారి జీఎస్టీ నంబరు తెలంగాణ కోడ్ 36తో, కొనేవారిది ఆంధ్రప్రదేశ్ కోడ్ 37తో మొదలవుతుంది. కాబట్టి అంతర్రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ. సరుకు విలువ 50 వేలు దాటితే ఇ-వే బిల్లు కూడా కావాలి. అకౌంటెంట్ ఒక బటన్ నొక్కుతాడు, కొన్ని క్షణాల్లో క్యూఆర్ కోడ్ వస్తుంది. ఆ క్షణాల్లో జరిగే పని చిన్నది కాదు.

మొదట సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు 32 బైట్ల యాదృచ్ఛిక కీ ఒకటి తయారు చేసుకుంటుంది. దీన్ని యాప్ కీ అంటారు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఈ యాప్ కీ మూడింటినీ కలిపి, జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) ఇచ్చిన ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీతో మూసి పంపుతుంది. పబ్లిక్ కీతో ఎవరైనా మూయగలరు. తెరవగలిగేది దానికి జోడీ అయిన ప్రైవేట్ కీ ఉన్న ఎన్ఐసీ ఒక్కటే. దీనితోపాటు శీర్షికల్లో క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ వెళ్తాయి. అన్నీ సరిపోతే ఎన్ఐసీ సర్వర్ రెండు వస్తువులు తిరిగి ఇస్తుంది: ఒక టోకెన్, ఒక సెషన్ కీ. సెషన్ కీ కూడా విప్పి రాదు, మనం పంపిన యాప్ కీతో మూసే వస్తుంది. ఆపై ఇన్వాయిస్ వివరాలను జేసన్ అనే పాఠ్య రూపంలో రాసి, ఆ సెషన్ కీతో ఏఈఎస్-256 పద్ధతిలో మూసి పంపాలి. ఈ మొత్తం సంభాషణ హెచ్‌టీటీపీఎస్ లోపలే జరుగుతుంది. అంటే తాళం వేసిన లారీలో మళ్లీ సీలు వేసిన పెట్టె.

టోకెన్ ఆయుష్షు ఆరు గంటలు. చేయి తిరగని ప్రోగ్రామర్లు ప్రతి ఇన్వాయిస్‌కూ కొత్తగా లాగిన్ అవుతుంటారు. గడువు లోపల మళ్లీ అడిగితే సర్వర్ పాత టోకెన్‌నే ఇస్తుంది గనుక ప్రయోజనం లేదు, సర్వర్ మీద భారం తప్ప. ఒకసారి తీసుకున్న టోకెన్‌ను దాచుకుని గడువు దగ్గరపడ్డాక మార్చుకోవడమే సరైన పని. యాప్ కీని కోడ్‌లో శాశ్వతంగా రాసిపెట్టడం అంతకంటే చెడ్డ అలవాటు. ప్రతి సెషన్‌కూ కొత్త కీ అన్న ఏర్పాటు ఉద్దేశమే అక్కడ పోతుంది. ఎన్ఐసీ నమూనా కోడ్ ఏఈఎస్‌ను ఈసీబీ పద్ధతిలో వాడుతుంది. ఒకే రకమైన సమాచారపు ముక్క ఒకే రకంగా మూసుకుపోయే ఈ పద్ధతిని సంకేతలిపి నిపుణులు ఎవరూ మెచ్చరు. పైన హెచ్‌టీటీపీఎస్ ఇచ్చే టీఎల్‌ఎస్ రక్షణ ఉంది గనుక ఇక్కడ ప్రమాదం తక్కువ. అయితే ఈ నమూనాను చూసి తమ సొంత సర్వీసుల్లోనూ ఈసీబీనే రాసుకోకూడదు; అక్కడ జీసీఎం పద్ధతి వాడాలి.

నమోదైన ఇన్వాయిస్‌కు దక్కే ఐఆర్‌ఎన్ 64 అక్షరాల పొడవు ఉంటుంది. అమ్మేవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కడితే అది వస్తుంది. నాలుగూ అవే అయితే ఐఆర్‌ఎన్ కూడా అదే. ఈ చిన్న సంగతి ఆచరణలో చాలా పనికొస్తుంది. బటన్ నొక్కాక నెట్ పోయిందనుకోండి. బిల్లు నమోదైందో లేదో తెలియదు, లారీ గేటు దగ్గర ఉంది. అప్పుడు నంబరు మార్చి కొత్త బిల్లు కొడితే ఒకే సరుకుకు రెండు ఇన్వాయిస్‌లు నమోదయ్యే ప్రమాదం ఉంది. అదే నంబరుతో మళ్లీ పంపాలి. ముందే నమోదై ఉంటే సర్వర్ 2150 అనే కోడ్‌తో 'డూప్లికేట్' అని చెప్పి, పాత ఐఆర్‌ఎన్‌ను చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ జవాబును లోపంగా కాకుండా రసీదుగా చదువుకోవాలి. ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలన్న ఈ లక్షణం మంచి వెబ్ సర్వీసుకు ప్రాణం. తప్పుగా నమోదైతే 24 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. దాటితే క్రెడిట్ నోటే దారి. టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉన్నవారు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు నమోదు చేయాలని 2025 ఏప్రిల్ 1 నుంచి నిబంధన. సర్వర్ పలకలేదని పక్కన పెట్టి మరిచిపోయిన బిల్లు ఇప్పుడు నిజంగానే నష్టం.

తిరిగి వచ్చే ఇన్వాయిస్ మీద, క్యూఆర్ మీద ఎన్ఐసీ డిజిటల్ సంతకం ఉంటుంది. క్యూఆర్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ఎన్ని పద్దులున్నాయన్నది, ప్రధాన సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఐఆర్‌ఎన్ ఉంటాయి. బ్యాంకు ఖాతా నంబరు అందులో ఉండదు. ఈ ఖాళీని కొనుగోలుదారులు బాగా గుర్తుంచుకోవాలి. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను మధ్యలో ఎవరైనా పట్టుకుని, ఖాతా నంబరు ఒక్కటి మార్చి పంపితే క్యూఆర్ తనిఖీలో అది నిక్షేపంగా నెగ్గుతుంది. క్యూఆర్ స్కాన్ అయింది కదా అని కొత్త ఖాతాకు డబ్బు వేసేయకూడదు. ఖాతా మారినట్టు కనిపిస్తే, పాత పరిచయంలోని ఫోన్ నంబరుకు కాల్ చేసి నోటితో నిర్ధారించుకోవడం తప్ప ఇక్కడ వేరే రక్షణ లేదు.

మధ్యవర్తి

ఎన్ఐసీతో నేరుగా మాట్లాడాలంటే భారతదేశంలోని స్థిర ఐపీ చిరునామా నమోదు చేయించాలి, పరీక్ష దశ దాటాలి, ఇంకా కొన్ని అర్హతలు ఉండాలి. సాధారణ బ్రాడ్‌బ్యాండ్‌లో రౌటర్ ఆపి వేస్తే ఐపీ మారిపోవచ్చు. పైగా ఒకే ఐపీని చాలామంది పంచుకునే ఏర్పాటూ మామూలే. అందువల్ల చిన్న యూనిట్లు జీఎస్టీ సువిధ ప్రొవైడర్ల (జీఎస్పీ) ద్వారానో, వారితో కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ ద్వారానో వెళ్తాయి. ట్యాలీ ప్రైమ్ నుంచి నేరుగా ఇ-ఇన్వాయిస్ తీసుకునేది ఈ దారిలోనే. ఈ పద్ధతిలో క్లయింట్ ఐడీ, సీక్రెట్ జీఎస్పీవి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ వ్యాపారివి. ఇ-ఇన్వాయిస్ పోర్టల్‌లో ఏ జీఎస్పీ కోసమో ఎంచుకుని, ఆ సంస్థకు ప్రత్యేకంగా ఏపీఐ (సాఫ్ట్‌వేర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) యూజర్‌ను సృష్టించుకోవాలి.

రెండు చేతుల్లో రెండు తాళంచెవులు ఉంచే ఈ పద్ధతి మంచిదే. ఏ ఒక్కటి లీకైనా రెండోది లేకుండా తలుపు తెరుచుకోదు. కానీ పైన చెప్పిన సీలు పెట్టె ప్రయాణం మధ్యవర్తి గోడౌన్ నుంచే మొదలవుతుంది. సెషన్ కీ ఉండేది జీఎస్పీ సర్వర్‌లో. అక్కడి వరకు వ్యాపారి లెక్కలు మామూలు హెచ్‌టీటీపీఎస్ రక్షణలోనే వెళ్లి, అక్కడ విప్పి ఉంటాయి. ఎవరికి ఏ ధరకు అమ్ముతున్నాం, ఏ డీలర్‌కు ఎంత తగ్గింపు ఇస్తున్నాం అన్నది వ్యాపారానికి ప్రాణప్రదమైన రహస్యం, అదంతా బిల్లులోనే ఉంది. ఏడాది చందా ఎంతో బేరమాడే యజమాని, మా బిల్లులు మీ దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి, ఎవరు చూడగలరు, మేం మానేస్తే చెరిపేస్తారా అని కూడా అడగాలి. ఆ జవాబును ఒప్పందంలో రాయించుకోవాలి.

పోర్టల్‌లో మనిషి లాగిన్‌కు ఓటీపీ లాంటి రెండో తనిఖీని దశలవారీగా తెచ్చి, 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు. యంత్రానికి ఫోన్ ఉండదు. ఏపీఐ దారిలో ఆ రెండో తనిఖీ స్థానాన్ని సీక్రెట్, నమోదైన ఐపీ, తక్కువ గడువు టోకెన్ భర్తీ చేయాలి. అందుకే ఏపీఐ పాస్‌వర్డ్‌ను మనిషి పాస్‌వర్డ్ కంటే జాగ్రత్తగా దాచాలి; మానిటర్ అంచున అతికించిన పసుపు చీటీ మీద అసలే ఉండకూడదు. ఎక్సెల్ ఫైల్లో రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టినది ఆ క్షణం నుంచి రహస్యం కాదు, వెంటనే మార్చేయాలి.

నగరంలో దీనికి ముందు చరిత్ర

సంతకం, సీలు వేసిన సందేశాల మార్పిడి హైదరాబాద్‌కు ఇ-ఇన్వాయిస్‌తో రాలేదు. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్‌ట్యాంక్‌లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల కోసం 1999లో ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్కును, 2001 డిసెంబరులో ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే సందేశ వ్యవస్థను ప్రారంభించింది. సమాచార సాంకేతిక చట్టం 2000 డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చాక, లైసెన్సు పొందిన సర్టిఫయింగ్ అథారిటీల్లో ఐడీఆర్‌బీటీ కూడా ఒకటైంది. నెఫ్ట్ లాంటి చెల్లింపుల సందేశాలు నడిచినది ఈ బాటలోనే. ఉప్పల్ నుంచి ఆర్టీసీ బస్సులో గంట దూరంలో ఇంత పని జరిగినా, దాని పాఠాలు బ్యాంకుల గోడలు దాటి పారిశ్రామిక వాడలకు రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టడం విచారకరం.

ప్రపంచంలో ఈ కాలంలోనే ప్రమాణాలు రూపుదిద్దుకున్నాయి. ఎక్స్‌ఎంఎల్ సందేశాలకు సోప్ 1.1 రూపం 2000లో, దానిమీద సందేశానికే సంతకం, సంకేతలిపి చేర్చే డబ్ల్యూఎస్-సెక్యూరిటీ 2004లో వచ్చాయి. తర్వాతి తరం తేలికైన జేసన్ వైపు మళ్లింది. అధికారాన్ని టోకెన్లుగా పంచే ఓఆథ్ 2.0 2012లో ప్రమాణమైంది. ఇటలీ 2019 జనవరి 1 నుంచి వ్యాపారాల మధ్య బిల్లులన్నీ ప్రభుత్వ వ్యవస్థ మీదుగానే సాగాలని నిర్ణయించింది. ఐరోపాలో పుట్టి సింగపూర్ దాకా పాకిన పెపోల్ వేరే తరహా: ప్రభుత్వ పోర్టల్ మధ్యలో కూర్చోదు, అమ్మేవారి ప్రతినిధి సర్వర్ నుంచి కొనేవారి ప్రతినిధి సర్వర్‌కు సందేశం వెళ్తుంది. మన పద్ధతిలో పన్ను శాఖకు అంతా కనిపిస్తుంది, కొనుగోలుదారు కంప్యూటర్‌కు ఇన్వాయిస్ దానంతటది చేరదు. విజయవాడ డీలర్ ఆ బిల్లును ఇప్పటికీ తన ట్యాలీలో మళ్లీ కొట్టుకుంటాడు. సంతకం చేసిన జేసన్‌ను పీడీఎఫ్‌తోపాటు పంపితే ఆ కష్టం తప్పుతుంది.

మందుల కంపెనీల దారి

విదేశీ భాగస్వాములతో పనిచేసే ఔషధ సంస్థలకు పాతకాలపు ఏఎస్2 ఇంకా రోజువారీ పనిముట్టే. 2005లో ప్రమాణంగా అచ్చయిన ఈ పద్ధతిని అంతకుముందే, 2002లో, వాల్‌మార్ట్ తన సరఫరాదారులకు తప్పనిసరి చేయడంతో అది లోకమంతా పాకింది. పంపేవారు తమ ప్రైవేట్ కీతో సంతకం చేసి, అందుకునేవారి పబ్లిక్ కీతో మూసి, మామూలు వెబ్ దారిలో పంపుతారు. అందుకున్నవారు విప్పి, సారాంశ సంఖ్య లెక్కగట్టి, దాన్ని చేర్చిన సంతకపు రసీదును వెనక్కి పంపుతారు. ఆ రసీదు పేరు ఎండీఎన్. నాకు అందలేదని వారు అనలేరు, నేను పంపింది ఇది కాదని వీరు అనలేరు. వ్యాపార వివాదంలో ఈ కాగితం విలువ ఎంతటిదో రిజిస్టర్డ్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంటు దాచుకున్న ప్రతివారికీ తెలుసు.

ఏఎస్2 అమరికలో తప్పులు దొర్లేది కొద్ది చోట్లే. ఇరువైపులా ఏఎస్2 గుర్తింపు పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి, పెద్దబడి చిన్నబడి తేడా కూడా లెక్కే. సంతకానికి పాత ఎస్‌హెచ్‌ఏ-1 బదులు ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోవాలి. పెద్ద ఫైళ్లకు రసీదు వెంటనే కాక తర్వాత వచ్చేలా పెట్టుకోవాలి. లేదంటే కనెక్షన్ మధ్యలో తెగి, ఫైలు చేరినా చేరనట్టు కనిపిస్తుంది.

అమెరికా మందుల సరఫరా భద్రతా చట్టం (2013) ప్రతి ప్యాకెట్‌కు విడి నంబరు వేసి, అది చేతులు మారిన ప్రతిసారీ ఎలక్ట్రానిక్ సమాచారం ఇవ్వాలంటుంది. దానికి జీఎస్1 సంస్థ రూపొందించిన ఈపీసీఐఎస్ ప్రమాణం వాడుకలో ఉంది. 2023 నవంబరు గడువు సర్దుబాట్ల కోసం జరుగుతూ 2025లోకి వచ్చింది. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. విచిత్రంగా, చిన్న యూనిట్లకు ఇ-ఇన్వాయిస్ అయిదు కోట్ల పరిమితి వచ్చినదీ ఆ రోజే. నకిలీ మందును పట్టుకోవలసిన నంబరు కాబట్టి ఇక్కడ సమాచారం దొంగిలించబడటం కంటే మార్చబడటమే పెద్ద భయం. అందుకే ఈ రంగంలో రహస్యం కంటే సంతకానికి, ఎవరు ఎప్పుడు ఏది మార్చారన్న చెరగని చిట్టాకు ప్రాధాన్యం ఎక్కువ. అమెరికా ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన 1997 నుంచి అడుగుతున్నది ఈ చిట్టానే.

సొంత సర్వీసు నడిపేవారు

ఇంతవరకు ఇతరుల సర్వీసును వాడుకునేవారి సంగతి. తన సరఫరాదారులకు, డీలర్లకు సొంతంగా ఏపీఐ తెరిచే సంస్థకు బాధ్యత మారిపోతుంది.

వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ 2019లో, మళ్లీ 2023లో ప్రకటించిన ఏపీఐ ప్రమాదాల పట్టికలో మొదటి స్థానం ఒక్కదానిదే. లాగిన్ అయిన డీలర్ తన బిల్లు నంబరు స్థానంలో పక్క నంబరు టైపు చేస్తే పక్క డీలర్ బిల్లు కనిపించడం. ఇందులో సంకేతలిపి లోపమేమీ లేదు. తలుపు దగ్గర మనిషిని సరిచూసి, లోపల ఏ బీరువా తెరుస్తున్నాడో చూడకపోవడమే తప్పు. ఎంత పెద్ద కీ వాడినా, ఎంత కొత్త టీఎల్‌ఎస్ పెట్టినా దీనికి మందు కాదు. ప్రతి కోరిక దగ్గరా 'ఈ బిల్లు ఈ టోకెన్ యజమానిదేనా' అని డేటాబేస్‌ను అడిగే ఒక్క వాక్యం కోడ్‌లో ఉండాలి. పరీక్షించడమూ తేలికే: రెండు డీలర్ల ఖాతాలు తెరిచి, ఒకరి టోకెన్‌తో మరొకరి బిల్లు అడిగి చూడాలి. సర్వీసు తెరవడానికి ముందు ఈ ఒక్క పరీక్ష చేయని సంస్థ మిగతా వంద చేసినా ప్రయోజనం తక్కువ.

మిగిలిన అమరికల్లో చాలావరకు నిర్ణయమైపోయినవే. టీఎల్‌ఎస్ 1.0, 1.1లకు 2021 మార్చిలో అధికారికంగా కాలం చెల్లింది, 1.2, 1.3 మాత్రమే ఉంచాలి. ఎక్స్‌ఎంఎల్ చదివే సర్వీసుల్లో బయటి ఎంటిటీలను చదవడం ఆపేయాలి. లేకపోతే పంపిన పత్రమే సర్వర్‌లోని ఫైళ్లను బయటికి చదివించగలదు. సందేశం పరిమాణానికి, నిమిషానికి ఎన్ని పిలుపులన్నదానికి హద్దు పెట్టాలి. పరీక్ష సర్వర్, అసలు సర్వర్ కీలు వేరువేరుగా ఉండాలి. సీక్రెట్లు కోడ్‌లోనో, లాగ్‌లోనో కనపడకూడదు. కోడ్ భాండారంలో ఒకసారి పడ్డ సీక్రెట్‌ను చెరిపితే సరిపోదు, పాత ప్రతుల్లో ఉండిపోతుంది గనుక దాన్ని మార్చి తీరాలి. కొన్న సాఫ్ట్‌వేర్ కూడా మన బాధ్యతే. 2023 మే నెలలో మూవ్‌ఇట్ అనే ఫైలు మార్పిడి సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం ద్వారా వేలాది సంస్థల సమాచారం దొంగల పాలైంది. వ్యాపారాలు ఒకదానికొకటి భద్రంగా ఫైళ్లు పంపుకోవడానికే తయారైన సరుకు అది.

సర్వర్ గడియారం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. టోకెన్ గడువు, సంతకం సమయం, సర్టిఫికెట్ చెల్లుబాటు అన్నీ గడియారం మీదే నడుస్తాయి. పది నిమిషాలు వెనుకబడ్డ సర్వర్ నిన్నటిదాకా పనిచేసిన సర్వీసును ఈరోజు 'టోకెన్ చెల్లదు' అంటూ తిరగ్గొడుతుంది, కారణం తెలియక రోజంతా వెతుకుతారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో గడియారాలు కలపాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని, భద్రతా ఘటన తెలిసిన ఆరు గంటల్లోపు తెలియజేయాలని చెబుతాయి. చిన్న సంస్థలకు ఈ ఆరు గంటల గడువు కష్టమే. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ మెయిల్‌కు రాయాలో ముందుగా ఒక కాగితం మీద రాసి గోడకు పెట్టుకున్నవారికే అది సాధ్యం. పాస్‌వర్డ్ చీటీ ఉన్న చోట ఉండవలసిన కాగితం ఇది.

సర్టిఫికెట్లు, వెళ్లిపోయే మనుషులు

వెబ్ సర్వర్ సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చి 15న 200 రోజులకు, 2027 మార్చి 15న 100 రోజులకు, 2029 మార్చి 15న 47 రోజులకు తగ్గాలని సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది. ఏడాదికోసారి గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే పద్ధతికి దీనితో కాలం చెల్లినట్టే. ఆక్మే లాంటి ప్రోటోకాల్‌తో దానంతటదే మారేలా పెట్టుకోవాలి. భాగస్వామి సర్టిఫికెట్‌నే తమ వ్యవస్థలో అచ్చుగుద్ది పెట్టుకున్నవారికి ప్రతి మార్పుకూ సర్వీసు ఆగిపోతుంది. వారు దాన్ని జారీ చేసిన సంస్థ సర్టిఫికెట్‌ను నమ్మే పద్ధతికి మారాలి. ఏఎస్2లో సంతకానికి వాడే సర్టిఫికెట్‌కు ఈ తీర్మానం వర్తించదు. అది ఇద్దరి మధ్య ఒప్పందం, ఎక్కువ కాలం ఉంచుకోవచ్చు. రెండింటికీ ఒకే సర్టిఫికెట్ వాడుతున్నవారు ఇప్పుడే విడదీసుకోవడం మంచిది.

ఉద్యోగి మారినప్పుడు చేయవలసిన పని ఇంతకంటే చిన్నది, ఇంతకంటే ఎక్కువగా మరిచిపోయేది. చిన్న యూనిట్లలో అకౌంటెంట్ ఒక్కడే జీఎస్టీ పోర్టల్, ఇ-ఇన్వాయిస్ పోర్టల్, ఇ-వే బిల్లు పోర్టల్ మూడింటి పాస్‌వర్డ్‌లూ తెలిసిన మనిషి. ఆయన మానేసిన రోజు జీతం లెక్క తేలుస్తారు, బీరువా తాళాలు అడిగి తీసుకుంటారు. కొత్తాయన అదే యూజర్ పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో పని మొదలుపెడతాడు. నమోదు మొబైల్ నంబరు యజమానిది కాకుండా పాత అకౌంటెంట్‌దే అయి ఉంటే ఓటీపీ ఇంకా అక్కడికే వెళ్తుంది. బ్రాంచికి, మనిషికి విడివిడిగా సబ్-యూజర్లను పెట్టుకునే వీలు పోర్టల్‌లోనే ఉంది. జీఎస్పీ మారినప్పుడు పాత జీఎస్పీ పేరు మీద ఉన్న ఏపీఐ యూజర్‌ను నిలిపివేసే వీలూ ఉంది. ఆ నిలిపివేత జరిగేవరకు, చందా ఆగిపోయినా, పాత సర్వర్‌లో దాచి ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఆ వ్యాపారి పేరు మీద ఇన్వాయిస్ నమోదు చేయగలిగే స్థితిలోనే ఉంటాయి. యజమాని మొబైల్ దగ్గర పెట్టుకుని పోర్టల్ తెరిస్తే దీన్ని సరిచేయడానికి పట్టేది కొన్ని నిమిషాలే.